భారీ లోడ్ల పర్మిట్ రూల్స్‌లో ముందు ఏం మార్చాలి?

ఓవర్‌సైజ్, ఓవర్‌వెయిట్ లోడ్లకు పర్మిట్ తొందరగా వచ్చేలా రూల్స్ మారిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. తొందర సంగతి తర్వాత, ముందు ఆ కాగితం మీద రాసే కొలతలు నిజమవ్వాలి. నేను పదకొండేళ్లు పైలట్ బండి నడిపాను. ట్రైలర్‌కి ముందు, లోడు కంటే కాస్త ఎత్తుగా కర్ర నిలబెట్టుకుని వెళ్లే బండి అది.

ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్తున్నాం. లోడు ఎత్తు 5.05 మీటర్లు. దారిలో ఉన్న ఫ్లైఓవర్ కింద 5.20 మీటర్లు ఉందని పర్మిట్‌లో ఉంది, బోర్డు మీదా అదే అంకె. రాత్రి రెండింటికి దాని కిందకి వెళ్లానో లేదో, కర్ర టక్కున తగిలింది. వాకీటాకీలో "అన్నా, ఆపు ఆపు!" అని అరిచాను. ట్రైలర్ ముప్ఫై అడుగుల దూరంలో ఆగింది.

నిచ్చెన వేసి టేపు పెడితే 5.03 వచ్చింది. టార్చి రోడ్డు అంచుకి తిప్పితే అసలు విషయం తెలిసింది. పక్కనున్న అంచురాయి సగం పైగా తారులో పూడిపోయి ఉంది. పాత రోడ్డు మీదే మళ్లీ మళ్లీ తారు పోశారు, బోర్డు మాత్రం మార్చలేదు. ట్రైలర్ హైడ్రాలిక్ యాక్సిళ్లు (ఎత్తు పెంచి దించగల ఇరుసులు) పది సెంటీమీటర్లు దించి, మనిషి నడిచే వేగం కంటే మెల్లగా లాగించాం. పైన సందు నాలుగు వేళ్లంత. దాటేసరికి నా చొక్కా తడిసిపోయింది.

2013 మే 23న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఓవర్‌సైజ్ లోడు లారీ తగిలి స్కాజిట్ నది వంతెన కూలింది కదా, ఆ లారీకీ పర్మిట్ ఉంది, ముందు పైలట్ బండీ ఉంది. వంతెన పైభాగం విల్లులా ఉండటంతో మధ్యలో ఎత్తు ఎక్కువ, అంచుల్లో తక్కువ. లారీ అంచు లేన్‌లో వెళ్లి ఉక్కు కమ్మీలకు తగిలింది, వంతెనలో ఒక స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) మొత్తం నదిలో పడింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. అందుకే ఒక వంతెనకి ఒకే అంకె రాయడం ఆపాలి. ఏ లేన్‌లో ఎంత ఎత్తు ఉందో విడివిడిగా రాయాలి.

బరువు దగ్గరా ఇదే తంతు. అందరూ మొత్తం టన్నులే చూస్తారు. రోడ్డుని దెబ్బతీసేది యాక్సిల్ మీద పడే బరువు. 100 టన్నులు పది యాక్సిళ్ల మీద సమానంగా పంచితే ఒక్కోదాని మీద 10 టన్నులు, ఎనిమిదింటి మీదైతే 12.5. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, ఇంజనీర్లు వాడే నాలుగో ఘాతం లెక్కలో (బరువు ఎన్ని రెట్లు పెరిగితే ఆ అంకెని నాలుగుసార్లు గుణించినంతగా నష్టం పెరుగుతుందనే లెక్క) ఒక్కో యాక్సిల్ చేసే నష్టం దాదాపు 2.4 రెట్లవుతుంది. అదనంగా యాక్సిళ్లు వేసుకొచ్చినవాడికి ఫీజు తగ్గించాలని నేను మొదట్నుంచీ అంటున్నాను.

ఇంకోటి, గడువు. టైరు పేలి ఒక రోజు పోతే పర్మిట్ అయిపోతుంది. ఆ టెన్షన్‌లో డ్రైవర్ నిద్ర మానేసి తోలుతాడు. బ్రేక్‌డౌన్ అయితే ఫోన్‌లోనే ఒక రోజు పొడిగించే వీలుండాలి.

మళ్లీ ఎత్తు దగ్గరికే వస్తాను. రూట్‌లో ప్రతి వంతెన ఎత్తు పక్కన దాన్ని ఎప్పుడు కొలిచారో తేదీ వేయాలి. తారు పోసిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. ఆ రాత్రి మా కాగితం మీద పాత తేదీ కనిపించి ఉంటే, ముందు రోజే వెళ్లి నేనే టేపు పెట్టేవాణ్ని.