పెచ్చులూడిన డ్రైవ్‌వే, ఉబ్బే మట్టి: ఇంటి పనుల మీద మీ ప్రశ్నలు

మంచు కరగడం మొదలైందంటే చాలు నా ఇన్‌బాక్స్ నిండా డ్రైవ్‌వే ఫొటోలే. డల్లాస్ వాళ్ళకి ఉబ్బే మట్టి బాధ, మిన్నియాపోలిస్ వాళ్ళకి ఎక్కువగా చలి బాధ, మా కాన్సాస్ సిటీ వాళ్ళకీ డెన్వర్ వాళ్ళకీ మాత్రం రెండూ కలిపి వడ్డించాడు దేవుడు. అందుకని ఈ నెల కాలమ్ మొత్తం కాంక్రీట్‌కే ఇచ్చేశా.

ప్రశ్న: కాన్సాస్ సిటీ పక్కన ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంటాం, ఇల్లు కట్టి 11 ఏళ్ళు. గ్యారేజీ దగ్గర డ్రైవ్‌వే రెండంగుళాలు దిగిపోయింది, కారు ఎక్కించేటప్పుడు దబ్బుమంటోంది. రోడ్డు వైపేమో పెచ్చులు లేచిపోయి కంకర కనిపిస్తోంది. ఒకాయన మొత్తం పగలగొట్టి కొత్తది పోయాలంటాడు, ఇంకొకాయన కింద ఫోమ్ ఎక్కించి సగం రేటుకే లేపేస్తా అంటాడు. ఎవర్ని నమ్మాలి?

జవాబు: ఇద్దరూ సగం సగం కరెక్టేనండీ, ఎందుకంటే మీకున్నవి రెండు వేరే వేరే రోగాలు.

దిగిపోవడం అనేది మట్టి సంగతి. ఇక్కడ ఫ్రాస్ట్ లోతు, అంటే చలికి నేల గడ్డకట్టే లోతు, 36 అంగుళాలు, గ్యారేజీ పునాది దానికంటే కిందకి దించాలి, దానికోసం గోడ పక్కన వెడల్పుగా తవ్వుతారు, గోడ లేచాక ఆ తవ్విన బంకమట్టినే మళ్ళీ లోపలికి తోసేస్తారు, పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టే ఓపిక చాలామందికి ఉండదు. ఆ పైన చూరు నీళ్ళు దింపే గొట్టం కూడా సరిగ్గా ఆ మూలనే వదిలేస్తే ఇంక చెప్పేదేముంది, ఏడాదేడాదికీ మట్టి కిందకి కూర్చుంటుంది, స్లాబ్ కొన్నాళ్ళు గాల్లో వేలాడి తర్వాత విరుగుతుంది. మీరే చూసుకోవచ్చు. సుత్తి తిరగేసి పిడితో గ్యారేజీ నుంచి రోడ్డు వైపు అడుగడుక్కీ కొట్టుకుంటూ వెళ్ళండి, కింద మట్టి ఉన్నచోట టక్ టక్ అని గట్టిగా వినిపిస్తుంది, లేనిచోట ఖాళీ బిందె మీద కొట్టినట్టు డొల్లగా మోగుతుంది. ఎక్కడ చప్పుడు మారిందో అక్కడ చాక్‌పీస్‌తో గీత గీసుకోండి. కాంట్రాక్టర్ వచ్చినప్పుడు ఆ గీత చూపించి మాట్లాడితే బేరం తీరే మారిపోతుంది.

పెచ్చులూడటం వేరే కథ, అది కాంక్రీట్ సంగతి. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, కాంక్రీట్ లోపలి సన్నని రంధ్రాల్లో నీళ్ళు నిండి ఉండగా గడ్డకడితే ఆ ఉబ్బడానికి చోటు కావాలి కదా, అందుకే బయట వేసే కాంక్రీట్‌లో కావాలని కంటికి కనపడనంత చిన్న గాలి బుడగలు పెడతారు, మామూలు ముప్పావు అంగుళం కంకరైతే సుమారు 6 శాతం గాలి. ఆ గాలి పైపొరలో లేకపోతేనే పెచ్చులు. ప్లాంట్ నుంచి బానే వస్తుంది అండీ, పాడయ్యేది మన వాకిట్లోనే. నా సొంత పేషియో సంగతే చెప్తా. పోసే రోజు నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నా, కిటికీలోంచి చూస్తే మేస్త్రి ట్రక్ డ్రైవర్‌కి చెయ్యి ఊపుతున్నాడు, డ్రైవర్ గొట్టం తీసి డ్రమ్‌లోకి నీళ్ళు వదుల్తున్నాడు. యార్డుకి (కాంక్రీట్‌ని ఘన గజాల్లో కొలుస్తారు) ఒక గ్యాలన్ నీళ్ళు ఎక్కువైతే సుమారు 200 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు మోస్తుందనే లెక్క) బలం పోతుందని ఇంజనీర్‌గా నాకు తెలుసు, అయినా కాల్ మధ్యలో లేవలేక ఊరుకున్నా. ఆ తర్వాత పైన నీళ్ళు ఊరుతుండగానే ఇనుప తాపీతో రుద్ది రుద్ది కడప బండలా నున్నగా చేశారు, మా ఆవిడ మెచ్చుకుంది కూడా. రెండో చలికాలానికి చిప్స్ ప్యాకెట్ చింపినట్టు పొరలు పొరలుగా లేచిపోయింది. ఆ కంపెనీ వాళ్ళు మంచు కరగడానికి మీరే ఉప్పు చల్లుంటారు అన్నారు, నిజంగానే చల్లాం కాబట్టి నేను నోరు మూసుకున్నా.

సరే మీ ఇంటికొద్దాం. ఫోమ్‌తో దిగిన స్లాబ్ లేస్తుంది, లేచిన పెచ్చులు అతుక్కోవు. గ్యారేజీ దగ్గర పానెళ్ళు (జాయింట్ల మధ్య పలకలు) విరక్కుండా ఒకే ముక్కగా ఉంటే ఫోమ్‌కి వెళ్ళండి, తప్పేం లేదు, మూడు నాలుగు ముక్కలైపోయి ఉంటే లేపి లాభం లేదు. రోడ్డు వైపు పానెళ్ళు మాత్రం తీసేయాల్సిందే, పైన అంగుళం మందాన సిమెంట్ పూత పూస్తాం అనేవాళ్ళని గేట్ దగ్గరే పంపించేయండి. మధ్యలో బాగున్నవి ఉండనివ్వండి, రంగు కొన్నేళ్ళు కలవదు, అదొక్కటే ఇబ్బంది.

కొత్తగా పోసేచోట రేటు కంటే ముందు అడగాల్సింది అడుగున ఏం చేస్తారని. మెత్తబడిన బంకమట్టి తీసేసి, నాలుగు నుంచి ఆరు అంగుళాల క్రషర్ కంకర పొరలుగా వేసి ప్లేట్ కంపాక్టర్‌తో కొట్టాలి, కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే కంకర బురదలోకి దిగిపోదు. కానీ ఒకటి, బంకమట్టిలో గొయ్యి తీసి కంకర నింపి వదిలేస్తే అది నీళ్ళ తొట్టే అవుతుంది, చుట్టూ నీరు ఇంకని మట్టి, మధ్యలో కంకరలో నీళ్ళు, చలి రాగానే తొట్టంతా గడ్డకట్టి పైకి తంతుంది. కాబట్టి కంకర అడుగు కూడా రోడ్డు వైపు వాలుగా ఉండాలి, నీళ్ళు బయటపడే దారి చూపించమనండి. పైన వాలు ప్రతి అడుగు పొడవుకీ పావు అంగుళం.

మిక్స్ విషయానికొస్తే 4,500 పీఎస్‌ఐ, నీళ్ళు-సిమెంట్ నిష్పత్తి 0.45 దాటకుండా, గాలి 6 శాతం అటూ ఇటూ, ఇది కాగితం మీద రాయించుకోండి. మన దగ్గర కాన్సాస్ సిటీ మెట్రో మెటీరియల్స్ బోర్డ్ ఆమోదించిన మిక్స్‌లు ఉన్నాయి, రెడీమిక్స్ వాళ్ళని కేసీఎమ్‌ఎమ్‌బీ మిక్స్ అంటే చాలు అర్థమైపోతుంది. ఇక్కడి సున్నపురాయి కంకర కొన్ని రకాలు నీళ్ళు పీల్చుకుని జాయింట్ల వెంబడి లోపల్నుంచే చిట్లుతాయి, డీ-క్రాకింగ్ అంటారు, కాన్సాస్ రోడ్లకి అది పాత రోగం, అందుకే కంకర ఏ రకమో కూడా అడగమంటున్నా. మందం నాలుగు కాదు అయిదంగుళాలు వేయించండి, 20 అడుగుల వెడల్పు 40 అడుగుల పొడవు మొత్తానికి నాలుగంగుళాలైతే 10 యార్డులు, అయిదైతే 12 చిల్లర, రెండు యార్డుల తేడాతో ఎంత బలం పెరుగుతుందో చూస్తే దండగ అనిపించదు. జాయింట్లు పదడుగులకొకటి, మందంలో నాలుగో వంతు లోతు, అదే రోజు కోయాలి, మర్నాడు వచ్చి కోస్తాం అంటే స్లాబ్ ఈలోపు తనకి నచ్చినచోట తనే పగిలి ఉంటుంది. కడ్డీలు పీటల మీద నిలబెట్టాలి, నేల మీద పరిచి పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాం అంటారు, లాగరు.

అన్నట్టు చూరు గొట్టం. ముందు దాన్ని పొడిగించి నీళ్ళు ఇంటికి దూరంగా పోయేలా చేయించండి. అది మార్చకుండా ఎంత ఖరీదైన కాంక్రీట్ పోయించినా మళ్ళీ నాకు ఫొటో పంపిస్తారు.

ప్రశ్న: అరోరా, కొలరాడోలో ఇల్లు కొన్నాం. మాది దిగిపోవట్లేదు, ఉల్టా పేషియో గోడ వైపు పైకి లేచి వాన నీళ్ళన్నీ ఇంట్లోకే వస్తున్నాయి. బెంటొనైట్ అంటున్నారు, అదేంటి?

జవాబు: ఎప్పుడో పడ్డ అగ్నిపర్వతం బూడిద మారి మారి బంకమట్టి అయితే అదీ బెంటొనైట్. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, మన నల్లరేగడికి అన్నగారనుకోండి. డెన్వర్ చుట్టుపక్కల ఇది ఎంత పెద్ద తలనొప్పంటే కొత్త ఇల్లు అమ్మే బిల్డర్ మట్టి రిపోర్ట్ సారాంశం క్లోజింగ్‌కి, అంటే ఇల్లు చేతులు మారే రోజుకి, కనీసం 14 రోజుల ముందు కొనేవాళ్ళకి ఇవ్వాలని 1984లోనే రాష్ట్రం చట్టం చేసింది. మీది కొత్త ఇల్లే అయితే ఆ కాగితం క్లోజింగ్ ఫైల్‌లో ఎక్కడో ఉంటుంది, తీసి చదవండి, చాలామంది సంతకం పెట్టేసి మర్చిపోతారు.

మీ పేషియో ఎందుకు లేచిందో మీరే రాసిన ఇంకో వాక్యంలో దొరికింది నాకు, గోడ పక్కనే గులాబీలు, వాటికి డ్రిప్ పైపు. ఎండిన బెంటొనైట్‌కి రోజూ పాలు పట్టినట్టు నీళ్ళు పడుతున్నారండీ. పునాదికి అయిదడుగుల లోపల నీళ్ళు పోయాల్సిన మొక్కలు వద్దు, ముందు అవి దూరం జరపండి, పేషియో పని ఆ తర్వాతే. కొత్తది పోసినప్పుడు ఇంటి గోడకి కడ్డీలతో కట్టనివ్వొద్దు, మధ్యలో అట్ట పెట్టి దానంతట అది కదిలేలా వదిలేసి పైన సీలెంట్ నింపాలి, ఎందుకంటే ఈ మట్టిలో స్లాబ్ కొంచెం కదలడం ఖాయం, కదిలినప్పుడు గోడని పట్టుకుని లాగకూడదు. తవ్విన గొయ్యి ఎండకి నెర్రెలిచ్చేదాకా వదిలేసి అలాగే పోసేయడం కూడా తప్పే, ఎండిన మట్టి తర్వాత తడి తాగి మళ్ళీ లేస్తుంది.

ప్రశ్న: మాది స్ట్రిప్ మాల్‌లో రెస్టారెంట్. వెనకాల చెత్త డబ్బా దగ్గర తారు మొత్తం గుంటలు పడింది, ముందువైపు ఫుట్‌పాత్ ఒకచోట ముప్పావు అంగుళం లేచి కస్టమర్ ఒకావిడ తట్టుకుని పడబోయారు. షాపు మూయకుండా పని అవుతుందా?

జవాబు: ముందు లీజ్ తీసి పార్కింగ్ రిపేర్ ఎవరి ఖర్చో చూడండి, అది తేలకుండా కొటేషన్లు పిలవొద్దు.

ఫుట్‌పాత్ ఎత్తు తేడా పావు అంగుళం దాకా ఏడీఏ (అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం) ఒప్పుకుంటుంది, పావు నుంచి అర అంగుళం మధ్యైతే ఒకటికి రెండు (ఎత్తుకి రెట్టింపు పొడవు) వాలుగా అరగదీయాలి, అర దాటితే ర్యాంప్ లెక్కలోకి వస్తుంది. మీది ముప్పావు అంటున్నారు కాబట్టి ఆగకండి, పానెల్ మార్చేలోపు పసుపు పెయింట్ కొట్టి కోన్ పెట్టండి. పక్కనే హ్యాండీక్యాప్ పార్కింగ్ ఉంటే అక్కడ వాలు ఎటు చూసినా 1:48 దాటకూడదు, కొత్తది పోసేవాళ్ళు చాలామంది ఇక్కడే తప్పుతారు, తర్వాత మళ్ళీ పగలగొట్టిస్తారు.

చెత్త డబ్బా కింద తారు పనికిరాదు. ట్రక్ డబ్బాని ఎత్తేటప్పుడు బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది, కాబట్టి కాంక్రీట్ ప్యాడ్ డబ్బా కిందే కాకుండా ట్రక్ చక్రాలు నిలబడే దాకా ముందుకి రావాలి, ఎనిమిదంగుళాలు, కడ్డీలతో. ఇంకో మాట, ఏమనుకోవద్దు, మీ కిచెన్ వాళ్ళు రాత్రి మాప్ బకెట్ వెనక గుమ్మం దగ్గరే ఒంపేస్తున్నారేమో కనుక్కోండి. జనవరిలో ఆ వేడినీళ్ళు పగుళ్ళలోకి దిగి తెల్లారేసరికి గడ్డకడతాయి, ఏ మిక్స్ అయినా ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?

మూయక్కర్లేదు, ముందు ఒక సగం, తర్వాత ఇంకో సగం పోయించండి. త్వరగా గట్టిపడే మిక్స్ అడిగితే కార్లని మూడు నాలుగు రోజుల్లో వదలొచ్చు, మామూలుదైతే వారం, చెత్త ట్రక్‌కి మాత్రం తొందరపడొద్దు. ఇంత పనికి ట్రక్ దగ్గర గాలి శాతం కొలిచే టెస్టింగ్ మనిషిని పెట్టుకోండి, ఆ కొన్ని వందల డాలర్ల దగ్గర కక్కుర్తి పడకండి.

ప్రశ్న: మేం తెనాలి నుంచి మా అబ్బాయి దగ్గరికొచ్చాం. మా నల్లరేగడిలో వేసిన వాకిలి గచ్చు 40 ఏళ్ళయినా అలాగే ఉంది, ఇక్కడ పదేళ్ళకే పెచ్చులంటే మేస్త్రీలకి పని రాదనుకోవాలా? ఇంకోటి, గచ్చుకి నీళ్ళు కట్టడం కూడా ఇక్కడ చూళ్ళేదు, అక్కర్లేదా?

జవాబు: నమస్కారం మాస్టారూ. మట్టి సంగతిలో మనవాళ్ళు తక్కువేం కాదు, రూర్కీలో సీబీఆర్‌ఐ (కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ) వాళ్ళు నల్లరేగడి కోసమే అండర్ రీమ్డ్ పైల్స్ తయారుచేశారు, కింద గంటలా ఉబ్బుగా ఉండే పునాదులు, ఎండాకాలం నెర్రెలు పడే లోతు దాటి కిందకి వెళ్ళి పట్టుకుంటాయి. కానీ తెనాలిలో నీళ్ళు గడ్డకట్టవు కదండీ. మీ గచ్చుని తెచ్చి ఇక్కడ పరిస్తే రెండు చలికాలాలు కూడా ఆగదు, ఎందుకంటే అందులో గాలి బుడగల్లేవు. ఈ బుడగల సంగతి కూడా సరదాగా బయటపడింది, 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని రోడ్లు మాత్రం చలికి చెక్కుచెదరకుండా ఉంటే ఎందుకా అని చూశారు, ఆ సిమెంట్ నూరేటప్పుడు పశువుల కొవ్వు కలిపారట, అది సబ్బులా నురగ కట్టి లోపల గాలి పట్టి ఉంచింది.

మీరు అడిగిన రెండోది, నీళ్ళు కట్టడం గురించి, అందులో నేను మీ వైపే. ఇక్కడ తడి ఆరిపోకుండా ఒక తెల్ల మందు స్ప్రే చేసి వెళ్ళిపోతారు, అది సరిగ్గా కొడితే చాలు, కానీ సగం మంది పోసిన మర్నాడు కొడతారు. ఎండాకాలంలో అయితే తడి గోనెసంచులు కప్పి వారం రోజులు తడుపుతా అంటే మీ అబ్బాయి వద్దనకూడదు.

ప్రశ్న: కొత్త డ్రైవ్‌వే అక్టోబర్ చివర్లో పోశారు. మంచు పడితే ఏ ఉప్పు వాడాలి?

జవాబు: ఈ చలికాలం ఏ ఉప్పూ వద్దు, ఇసుక చల్లండి, పారతో తోడండి. అమోనియం నైట్రేట్, అమోనియం సల్ఫేట్ ఉన్న సంచులు, అంటే ఎరువు రకాలు, ఎప్పటికీ వద్దు, అవి కాంక్రీట్‌నే తినేస్తాయి. పోసి 28 రోజులు దాటి, పొడిగా ఉండి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనున్న రోజు ఇంకా దొరికితే సైలేన్ రకం సీలర్, అంటే నీళ్ళు లోపలికి ఇంకనివ్వని మందు, కొట్టించండి, దొరక్కపోతే ఏప్రిల్‌లో. రోడ్డు మీది ఉప్పు కారు కిందే మోసుకొస్తుంది, దానికి మీరేం చేయలేరు, గ్యారేజీ ముందు కరిగి మడుగు కట్టినప్పుడల్లా వైపర్‌తో రోడ్డు వైపు తోసేయండి.