కూర్చుంటే ఫైన్ వేయొచ్చా?

ప్రశ్న: హనుమకొండలో ఒక పెద్ద బట్టల షోరూమ్‌లో, చీరల ఫ్లోర్‌లో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. స్టాఫ్ మొత్తం అరవై మందిమి. పొద్దున తొమ్మిదిన్నరకు హాజరు పడితే రాత్రి తొమ్మిదిన్నరకు విడుస్తారు. మధ్యలో అన్నానికి అరగంట. వారానికి ఒక సెలవు, సీజన్‌లో అదీ ఉండదు. గిరాకీ ఉన్నా లేకున్నా నిలబడే ఉండాలి. ఫ్లోర్ మీద స్టూల్ అన్నదే లేదు. సీసీ కెమెరాలో కూర్చున్నట్టు కనబడితే 300 రూపాయల ఫైన్. బతుకమ్మ ముందు నెలలో నాకు నాలుగుసార్లు పడింది. 13,500 జీతంలో 1,200 కోసుకున్నారు. ఎవరికి ఎంత ఫైనో మేనేజర్ వాట్సాప్ గ్రూపులోనే పెడతాడు. నాకు పిక్కల్లో నరాలు ఉబ్బాయి, ఈఎస్ఐ డాక్టర్ వేరికోస్ వీన్స్ అన్నాడు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు. కుర్చీ అడిగే హక్కు మాకుందా? అడిగినందుకు తీసేస్తే ఏం చేయాలి? రోజూ ఆ గ్రూపు చూస్తే గుండె దడగా ఉంటోంది, గ్రూపులోంచి బయటికి వచ్చేయమంటారా?
– పేరు వద్దన్న సోదరి, హనుమకొండ

జవాబు: హక్కు ఉందమ్మా. కానీ నేను మీ వకీలునైతే మొదటి కాగితంలో కుర్చీ మాట ఎత్తను. అదెందుకో చెప్పేముందు హక్కు సంగతి చూద్దాం.

ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, 44వ సెక్షన్‌లో రాశారు. పని మధ్యలో తెరిపి దొరికినప్పుడల్లా కూర్చోవడానికే ఆ ఏర్పాటు. షాపుల దాకా ఆ మాట రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో చేసిన షాపుల చట్టమే ఇప్పటికీ తెలంగాణలో నడుస్తోంది. పని గంటలు, సెలవులు, తొలగింపు గురించి చెబుతుంది గానీ కుర్చీ ఊసెత్తదు. నా అనుమానం, అప్పట్లో ఆ అవసరమే ఎవరికీ తట్టి ఉండదు. చీరల కొట్టంటే తెల్ల దుప్పటి పరిచిన పరుపులు. చూపించే గుమాస్తా, చూసే ఆడవాళ్లు, పక్కన విసుక్కునే మగవాళ్లు, అందరూ దానిమీదే కూర్చునేవాళ్లు. పరుపులు పోయి అద్దాల కౌంటర్లు వచ్చాక కొనేవాళ్లకు సోఫా మిగిలింది, చూపించేవాళ్లకు ఏమీ మిగల్లేదు.

ఇంగ్లండ్‌లో 1899లోనే షాపుల్లో పనిచేసే ఆడవాళ్లకు ముగ్గురికొకటి చొప్పున సీటు ఉండాలని చట్టం చేశారు. మన పక్కన కేరళలో అయితే సేల్స్ గాల్స్ రోడ్డెక్కితే గానీ పని కాలేదు. కోళికోడ్‌లో కుట్టుపని చేసుకునే విజి అనే ఆవిడ 'పెణ్‌కూట్టు' అని ఆడవాళ్ల సంఘం పెట్టి, షాపుల్లో బాత్రూమ్ కోసం మొదలుపెట్టిన కొట్లాట కుర్చీ దాకా వచ్చింది. 2018లో ఆ రాష్ట్రం తన షాపుల చట్టాన్ని సవరించి సీటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది.

ఆ రెండు చట్టాలూ మీకు వర్తించవు. మీకు పనికొచ్చేది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో ఒకటి, వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు అది వర్తిస్తుంది. మీరు అరవై మంది. దాని 24వ సెక్షన్‌లో యజమాని కల్పించాల్సిన సదుపాయాల వరుస ఉంది. చేతులు కడుక్కునే చోటు, బట్టలు పెట్టుకునే చోటు, వాటితోపాటు నిలబడి పనిచేయాల్సిన ఉద్యోగులందరికీ కూర్చునే ఏర్పాటు. ఫ్యాక్టరీ గేటు లోపలే ఆగిపోయిన మాట ఇన్నేళ్లకు మీ కౌంటర్ దాకా వచ్చింది.

మరి దాన్ని ముందు పెట్టవద్దని ఎందుకంటున్నాను? ఆ సెక్షన్‌లో కుర్చీలు ఎన్ని వేయాలి, ఎక్కడ వేయాలి అన్న కొలత లేదు. మీరు కుర్చీ అని ఫిర్యాదు ఇస్తారు. మీ మేనేజర్ పై అంతస్తు స్టోర్ రూములో అట్టపెట్టెల మధ్య ఒక బెంచీ వేయిస్తాడు. ఆఫీసర్ వస్తే 'ఇదిగో సార్ ఏర్పాటు' అంటాడు. ఆఫీసర్ రాసుకుని పోతాడు. మీరు మాత్రం కింద కౌంటర్ దగ్గర ఎప్పటిలాగే నిలబడి ఉంటారు, పైగా ఫిర్యాదు చేసిన మనిషి అన్న ముద్ర ఒకటి. ఇలాంటివి చూశాను కాబట్టే చెబుతున్నాను.

మీ చేతిలో దానికంటే గట్టి ఆయుధం ఉంది. ఆ 1,200 రూపాయలు.

యజమాని తన ఇష్టం వచ్చినట్టు ఫైన్ వేయడానికి లేదు. ఆ నాలుగు కోడ్‌లలోనే ఇంకోటైన వేతనాల కోడ్ 19వ సెక్షన్ ప్రకారం ఏ తప్పుకు ఫైన్ వేస్తారో ముందే ప్రభుత్వ అనుమతి తీసుకుని, ఆ జాబితాను పనిచేసే చోట అందరికీ కనబడేలా పెట్టాలి. వేసేముందు మీ సంజాయిషీ అడగాలి. ఒక నెలలో పడే ఫైన్లన్నీ కలిపి ఆ నెల జీతంలో నూటికి మూడు దాటకూడదు. 13,500కి మూడు శాతమంటే 405 రూపాయలు. అంటే అన్నీ సవ్యంగా చేసినా రెండో ఫైన్‌కే పరిమితి దాటిపోయింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వసూలైన ఫైన్ డబ్బు ఓనర్ గల్లాలోకి పోకూడదు. రిజిస్టర్‌లో రాసి, అక్కడ పనిచేసేవాళ్లకు మేలు చేసే వాటికే ఖర్చు పెట్టాలి. ఆ రిజిస్టర్ చూపించమని ఆఫీసర్ అడిగే రోజు మీ మేనేజర్ ముఖం చూడాలని నాకూ ఉంది.

కూర్చున్నందుకే ఫైన్ కాబట్టి, ఆ ఫైన్ చెల్లదని తేలితే కూర్చోవడం తప్పు కాదని కాగితం మీదికి వచ్చినట్టే. కుర్చీ ఆ దారిన వస్తుంది. 24వ సెక్షన్‌ను అప్పుడు బయటికి తీయండి. కూర్చోవడానికి వేసిన శిక్షే తప్పని తేలాక, కూర్చునే చోటు పై అంతస్తులో ఎందుకుందని అడగడం తేలిక.

ఇక పని గంటలు. అసలు పెద్ద డబ్బు ఇక్కడుంది. పన్నెండు గంటల్లో అన్నం అరగంట తీసేస్తే రోజుకు పదకొండున్నర, ఆరు రోజులకు 69 గంటలు. షాపులో రోజుకు ఎనిమిది, వారానికి 48 గంటలే పరిమితి. 2025 జూలైలో పది గంటలకు అనుమతిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది కదా అని మీవాళ్లు అనొచ్చు. అది కమర్షియల్ సంస్థలకు ఇచ్చిన మినహాయింపు, షాపులను అందులో కలపలేదు. అక్కడ కూడా వారానికి 48 దాటితే ఓటీ, అంటే అదనపు గంటల కూలి, కట్టాల్సిందే. మీకు వారానికి 21 గంటలు ఎక్కువ పడుతోంది. ఓటీకి రెట్టింపు కూలి. 13,500ను 26 రోజులకు, ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు దాదాపు 65 రూపాయలు, రెట్టింపు 130. వారానికి 2,700 పైచిలుకు, నెలకు పది వేలు దాటుతుంది. మీ జీతంలో ముప్పాతిక వంతుకు మించిన డబ్బు ప్రతి నెలా షోరూమ్‌లోనే ఉండిపోతోందన్నమాట. పనిలోపనిగా మీ జీతం షాపుల కనీస వేతనానికి తగ్గకుండా ఉందేమో కూడా చూసుకోండి. అందులో కలిసే డీఏ (కరువు భత్యం) ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంటుంది.

గంటల సంగతి డబ్బుతోనే పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన అంచనా ప్రకారం, వారానికి 35–40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55, అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీవి 69. డెన్మార్క్‌లో ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పన్నెండేళ్లు వెంబడించిన పరిశోధనలో, పని వేళలో ఎక్కువ భాగం నిలబడో నడుస్తూనో గడిపేవాళ్లు వేరికోస్ వీన్స్‌తో ఆసుపత్రిలో చేరే ముప్పు ఎక్కువని తేలింది. ఇవి కేసు గెలిపిస్తాయని కాదు. 'వీళ్లు సుఖం మరిగి కుర్చీ అడుగుతున్నారు' అని అవతలి వకీలు అన్నప్పుడు చెప్పడానికి పనికొస్తాయి.

మీ కాళ్ల విషయంలో ఆశ పెట్టుకోకూడని చోటు ఒకటుంది. చట్టంలోని వృత్తివ్యాధుల జాబితాలో వేరికోస్ వీన్స్ లేదు. కాబట్టి పని వల్లే వచ్చిందని నష్టపరిహారం రాబట్టడం కష్టం. కానీ ఈఎస్ఐ ఉంది కదా, దాన్ని పూర్తిగా వాడుకోండి. డాక్టర్ విశ్రాంతి రాస్తే, అంతకుముందు కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో (చందా లెక్కించే ఆరు నెలల్లో) 78 రోజుల చందా కట్టి ఉంటే, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. ఆ బెనిఫిట్ తీసుకునే రోజుల్లో మిమ్మల్ని తొలగించడానికి వీల్లేదు. ఆపరేషన్ దాకా పోతే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి రిఫర్ చేయమని అడగండి. చీటీలో 'ఎక్కువసేపు నిలబడరాదు' అని డాక్టర్ చేత రాయించుకోండి. నోటిమాటగా చెప్పింది రేపు మనకు అక్కరకు రాదు.

తీసేస్తే ఏమిటన్నారు. ఆరు నెలలు దాటి పనిచేసినవాళ్లను తగిన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయడానికి షాపుల చట్టం ఒప్పుకోదు. ఉద్యోగం ఎలా పోయినా, రావాల్సిన జీతమంతా రెండు పనిదినాల్లో చేతిలో పెట్టాలి. ఏడేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ వేరే. ఏడాదికి పదిహేను రోజుల లెక్కన, ఈ జీతం మీద దాదాపు 54,500 రూపాయలు. తొలగింపు మీద అప్పీలుకు గడువులు చిన్నవి. ఉద్యోగం పోయిన వారంలోనే వకీలు దగ్గర ఉండండి, పండగ అయ్యాక చూద్దామనుకోవద్దు.

అయితే మీలాంటి చోట్ల తీసేయడం తక్కువ, తీయించుకునేలా చేయడం ఎక్కువ. ఒకరోజు ఆఫీసు గదిలోకి పిలుస్తారు. టేబుల్ మీద తెల్లకాగితం, పెన్ను. 'సొంత కారణాల వల్ల మానేస్తున్నాను అని రాయమ్మా, లెక్క ఇప్పుడే సెటిల్ చేస్తాం, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మంచిగా ఇస్తాం' అంటారు. రాయొద్దు. ఆ ఒక్క వాక్యంతో నోటీసు జీతం పోతుంది, తొలగింపు మీద పోరాడే అవకాశం పోతుంది. ఇంటికి పోయి మా ఆయన్ని అడిగి చెబుతానండి అని లేచి రండి. మీకు పెళ్లి కాకపోయినా సరే, ఆ మాట అక్కడ పనిచేస్తుంది.

లెటర్ లేదని బెంగ వద్దు. ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ ఉంటే యూఏఎన్, బ్యాంకులో పడిన జీతం, ఐడీ కార్డు, ఇన్ని ఉండగా మీరు మా ఉద్యోగి కాదని ఎవరూ అనలేరు. పైగా పాత ఉద్యోగులకు కూడా కోడ్ అమలైన మూడు నెలల్లోగా లెటర్ ఇవ్వాలని, కుర్చీ మాట ఉన్న ఆ వృత్తి భద్రత కోడ్‌లోనే ఉంది. ఫిర్యాదులో అదీ ఒక పేరాగా రాయండి.

ఫిర్యాదు ఒక్కరే ఇవ్వకండి. ఫైన్ పడినవాళ్లలో నలుగురైదుగురు కలిసి సంతకం పెట్టండి. ముందు ఫైన్లు, తర్వాత ఓటీ, తర్వాత లెటర్, ఆఖరున కూర్చునే ఏర్పాటు. ఇదే వరుసలో రాసి, మీ సర్కిల్ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. జీతం కోతల క్లెయిమ్‌కు మూడేళ్ల గడువుంది, కాబట్టి పాత ఫైన్లు కూడా లెక్కలో వేయండి. కోసిన డబ్బుతోపాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం క్లెయిమ్ వినే అధికారికి ఉంది. సక్రమంగా చెల్లించామని రుజువు చేసుకోవాల్సిన భారం యజమానిదే. వకీలు ఫీజు గురించి ఆలోచించకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి.

ఇక ఆ వాట్సాప్ గ్రూపు. దయచేసి బయటికి రాకండి. తేదీతో, టైముతో, ఎవరికి ఎంత ఫైనో, ఎందుకో, మేనేజర్ తన నంబరు నుంచి తానే రాసిస్తున్న కాగితం అది. ఇంత మంచి సాక్షిని నా క్లయింట్లకు నేనెప్పుడూ తెచ్చిపెట్టలేకపోయాను. నోటిఫికేషన్ మ్యూట్‌లో పెట్టుకోండి, రోజూ చూడకండి. ఈ రాత్రే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఫోన్ మార్చకండి, అమ్మకండి. కోర్టుకు పోతే అసలు ఫోన్ అడుగుతారు, ఫోన్ లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సిందీ మీరే. ఫోన్ పిల్లలు ఆడుకునేదైతే ఇవాళ్టి నుంచి వాళ్లకు ఇంకోటి చూడండి.