ముందు నీళ్ళు పోసి చూడు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. జపాన్‌లో నగోయా వెళ్ళి ఆరు నెలలు కాలేదు, అప్పుడే పదకొండు క్యూసులు, అదే పక్కకి పిడి ఉండే చిన్న టీ కూజాలు, వాటి వెనక లెక్కలేనన్ని కప్పులు. "జీతమంతా మట్టికే పోస్తోందక్కా, నువ్వైనా గట్టిగా చెప్పు" అని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ మాట చెప్పే అర్హత నాకెక్కడిది! అక్కడున్న తొమ్మిదేళ్ళలో నేను పెట్టిన డబ్బుతో పలాసలో ఇంకో గది వేసుకునేవాళ్ళమని మీ పెదనాన్న ఇప్పటికీ దెప్పుతుంటారు. అందుకని మానెయ్యమనను. కొనడం మాత్రం నేర్చుకో.

ముందు ఒక సంగతి. నువ్వు ఎడమచేతి వాటం పిల్లవి కదా. ఫోటోలో ఉన్నవన్నీ కుడిచేతి వాళ్ళవి. పిడి నీ వైపు తిప్పి పెట్టి చూడు. కొమ్ము నీ ఎడమకి ఉందంటే అది కుడిచేత్తో వంచడానికి చేసింది. అంటే ఆ పదకొండింటిలో ఒక్కదాంతో కూడా నువ్వు సుఖంగా టీ వంపుకోలేవన్నమాట. ఎడమచేతి వాళ్ళవీ చేస్తారు, కాకపోతే తక్కువ. దుకాణంలో "హిదారికికి" అని అడుగు, ఉంటే లోపలి నుంచి తీసిస్తారు.

నేనూ మొదట కంటికి నచ్చిందే కొన్నాను. చెర్రీ పూల బొమ్మ వేసిన తెల్లటి క్యూసు. ఇంటికి తెచ్చి టీ వంపితే సగం కప్పులోకి, సగం కొమ్ము కిందుగా జారి బల్ల మీదికి. అది నాలుగేళ్ళు పువ్వులు పెట్టుకోవడానికి పనికొచ్చింది. ఆ తర్వాత నీళ్ళు పోసి చూడకుండా ఏదీ కొనలేదు.

కుమ్మరులు సొంతంగా నడుపుకునే దుకాణాల్లో నీళ్ళు పోసి చూడొచ్చా అని అడిగితే సాధారణంగా కాదనరు. మొహమాటపడకు. నిండుగా పోసి వంచు, ధార ముద్దగా, చెదరకుండా రావాలి. ఠక్కున నిలబెట్టు. చివరి బొట్టు కొమ్ము అంచు దగ్గర తెగిపోవాలి, కిందికి పాకకూడదు. మళ్ళీ వంచి, మూత మీది చిన్న చిల్లిని వేలితో మూసెయ్యి. మూత సరిగ్గా కూర్చుంటే ధార ఆగిపోతుంది. మంచి పనివాళ్ళు మూతనీ మూతినీ ఒకదానికొకటి రాపాడించి, సన్నటి పొడితో అరగదీసి జత కుదురుస్తారు. అందుకే ఒక క్యూసు మూత ఇంకోదానికి పట్టదు. మూత పగిలిందా, సగం క్యూసు పోయినట్టే. నీళ్ళు పోయనివ్వని చోట కనీసం మూత పెట్టి నెమ్మదిగా తిప్పు, ఎక్కడా టకటకమనకూడదు. కొమ్ము కొస మూతి అంచు కంటే కిందికి ఉంటే దాన్ని అక్కడే వదిలెయ్యి, నింపగానే కారిపోతుంది.

తర్వాత లోపలికి చూడు. సారె మీద చేసినదైతే వేళ్ళ గీతలు చుట్టలు చుట్టలుగా కనిపిస్తాయి. పలచటి మట్టిని అచ్చులో పోసి చేసినదైతే నున్నగా ఉంటుంది, ఒక్కోసారి అచ్చు అతుకు తెలుస్తుంది. అచ్చు క్యూసు చెడ్డదని కాదు, ఆఫీసులో వాడుకోవడానికి అదే నయం. చేతిపని ధర పెట్టి అచ్చుది కొనకు, అంతే. జల్లెడ కూడా అక్కడే చూసుకో. నీకు ఫుకముషి సెంచా అనే గ్రీన్ టీ ఇష్టమన్నావు. ఎక్కువసేపు ఆవిరి పట్టడం వల్ల ఆ ఆకు పొడి పొడిగా అవుతుంది, చిల్లులు తక్కువగా ఉన్న జల్లెడని రెండో వాయికే మూసేస్తుంది. లోపలికి ఉబ్బి, సన్నటి చిల్లులు బోలెడు ఉన్న మట్టి జల్లెడ చూసి తీసుకో. మొత్తం ఆకుల టీకైతే ఏదైనా ఫరవాలేదు.

పెద్దవి కొనకు. మన ఇళ్ళలో లాగా పదిమందికి ఒకేసారి కాచే పని కాదిది. ఇద్దరికి సెంచా అంటే 200 మిల్లీలీటర్లు చాలు. నీడన పెంచిన గ్యొకురో ఆకుకి 100 కూడా ఎక్కువే. దానికి నీళ్ళు 50, 60 డిగ్రీలే కాబట్టి హోహిన్ అనే పిడి లేని కూజాతో పోసినా చెయ్యి కాలదు. సెంచాకి 70, 80 దాకా ఉండొచ్చు. చివరి బొట్టు దాకా వంపెయ్యాలి, మిగిలిన తడిలో ఆకు నానితే రెండో వాయి చేదెక్కుతుంది.

ఇంత దగ్గర్లో ఉండి నువ్వింకా టోకొనామె వెళ్ళలేదంటే నాకు కోపం వచ్చింది. విమానాశ్రయం వైపు వెళ్ళే మెయితెత్సు రైలెక్కితే దారిలోనే ఆ ఊరు. జపాన్‌లో ఆరు పాత కుమ్మరి ఊళ్ళని చెబుతారే, వాటిలో ఒకటి. పాత మట్టిగొట్టాలూ, షోచు అనే సారా జాడీలూ పేర్చిన గోడల మధ్య సందుల్లో నడుచుకుంటూ పైకి పో. 1887లో కట్టిన మెట్ల బట్టీ కనిపిస్తుంది, ఎత్తుల్లో తేడా ఉన్న పది పొగగొట్టాలతో. 1974 దాకా కాల్చారు అందులో. ఎర్రమట్టి టీ పాత్రలు అక్కడ 1854లో సుగియె జుమొన్ కాలంలో మొదలయ్యాయి. 1878లో చైనా నుంచి జిన్ షిహెంగ్ అనే ఆయన్ని పిలిపించి అక్కడి యిషింగ్ ఊరి టీ కూజాల పద్ధతి నేర్చుకున్నారు. మూడో యమద జోజన్ అనే కుమ్మరి క్యూసులు చేసే 1998లో, గొప్ప పనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే జాతీయ సజీవ నిధి గౌరవం పొందాడు. ఆయన చేసినవి మ్యూజియంలో అద్దం ఇవతల నుంచి చూసుకో, చాలు. పది వేల యెన్‌లు చేతిలో ఉంటే ఆ సందుల్లోనే బతికున్న కుమ్మరి చేతిపని దొరుకుతుంది, చేసినవాళ్ళతో మాట్లాడొచ్చు కూడా. నల్ల క్యూసులు ఎలా వస్తాయని ఒకాయన్ని అడిగితే ఊకలో పెట్టి రెండోసారి కాలుస్తామన్నాడు. వరి ఊకే! ఆ మాట వినగానే మా ఊరి కుమ్మరివీధి కళ్ళముందు తిరిగింది.

ఆ మట్టిలోని ఇనుము టీ వగరు తగ్గిస్తుందంటారు. తొమ్మిదేళ్ళు తాగినా నా నాలుకకి ఆ తేడా తెలియలేదు. నీకు తెలిస్తే రాయి. ఇంకో ఆదివారం మియె జిల్లా యొక్కయిచికి వెళ్ళి బంకో అని పిలిచే ఊదా మట్టి క్యూసులు చూడు. అదీ నీకు దగ్గరే.

పెట్టె చూసి మాత్రం డబ్బు ఇవ్వకు. చేసినవాడు సంతకం పెట్టిన చెక్కపెట్టెని తొమొబాకో అంటారు, అది ఉంటే ధర పెరుగుతుంది. ఒక పాతసామాన్ల సంతలో నేను అలాంటిదే మురిసిపోయి కొన్నాను. తీరా మా పక్కింటావిడ పెట్టె మీది రాత చదివి, ఇది పూలకుండీ పెట్టె కదా అంది. పిడి మొదట్లోనో అడుగునో ఉండే ముద్రనీ పెట్టె మీది పేరునీ పోల్చి చూసుకోవాలి. నీకు చదవడం రాకపోతే ఫోటో తీసి ఆఫీసులో ఎవరికైనా చూపించు.

కప్పులు అయిదేసి సెట్లుగా అమ్ముతారు, అక్కడి భాషలో నాలుగుకీ చావు అనే మాటకీ ఒకే పలుకు కాబట్టి. నువ్వు ఒక్కొక్కటే కొను, ఒక్కో ఊరిది. లోపల తెల్లగా ఉన్నది ఒకటైనా ఉండాలి, టీ రంగు తెలియడానికి. హాగి అనే ఊరి కప్పు కొన్నావంటే మొదటి రోజుల్లో అడుగున చెమరుస్తుంది. మోసపోయానని కంగారు పడకు, ఆ మట్టి గుణం అంత. బియ్యం కడిగిన నీళ్ళలో వేసి సన్నటి మంట మీద కాచి, చల్లారాక కడుగు. కొత్త కుండకి అమ్మమ్మ గంజి పట్టించేది చూడు, అదే పని. వాడేకొద్దీ నెర్రెల్లోకి టీ దిగి రంగు మారుతుంది. హాగికి ఏడు మార్పులని అక్కడ సామెతే ఉంది. నా కప్పు మూడో ఏటికి లేత జామపండు రంగులోకి వచ్చింది.

పూత లేని క్యూసుకి సబ్బు తగలనివ్వకు. మా పనిమనిషి ఒకసారి శుభ్రంగా తోమిపెట్టింది పాపం, వారం రోజులు నిమ్మకాయ వాసన టీ తాగాం. ఆకు దులిపి, వేణ్ణీళ్ళతో కడిగి, మూత తీసి ఆరబెట్టు. తడి ఉండగా పెట్టెలో పెడితే బూజే. పొయ్యి మీద అసలు పెట్టకూడదు. అల్లం టీ కాద్దామని మీ పెదనాన్న గ్యాస్ మీద పెట్టినదాని ముక్కలు ఇంకా దాచి ఉంచాను, దెప్పినప్పుడల్లా తీసి చూపించడానికి.

బంగారం పూసి అతికించే కింట్సుగి నేర్చుకుంటానన్నావు. అందులో జిగురుగా వాడే ఉరుషి చెట్టు పాలు మన జీడి జాతివే. చిన్నప్పుడు పచ్చి జీడిపిక్క రసం తగిలి నీ మూతి ఎలా పొక్కిందో గుర్తుందా? చేతికి తొడుగులు వేసుకో. ఉరుషికి బదులు మామూలు గమ్ముతో వచ్చే కిట్లతో అతికించినవాటిలో తాగకు.

ఉన్న పదకొండూ కుడిచేతి స్నేహితులకి పంచిపెట్టు. ఎడమచేతిది ఒక్కటి కొనుక్కుని ఏడాది వాడు. రెండోది కొనేముందు నాకు ఫోటో కాదు, నీళ్ళు పోస్తున్న వీడియో పంపు.

మే నెలలో వస్తానన్నావు కదా, నాకు క్యూసులేవీ తేకు. అప్పటికి కొత్త ఆకు వచ్చేస్తుంది, షించా వంద గ్రాముల పొట్లం ఒకటి తే. మీ అమ్మకి చూపించడానికి నీ క్యూసు తెచ్చుకుంటే మాత్రం మూత విడిగా సాక్సులో చుట్టి చేతిసంచిలో పెట్టుకో, లగేజీలో వెయ్యకు.

నీ
పెద్దమ్మ