ఆపినా మళ్లీ మొదలయ్యే సాఫ్ట్‌వేర్: అనుమతి ఇచ్చినట్లేనా?

ప్రశ్న: ఖమ్మంలో నాకు చిన్న జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. నాలుగు నెలల క్రితం ప్రింటరు కొన్నాను. దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ ఆన్ చేయగానే తనంతట తానే మొదలై రోజంతా వెనక నడుస్తోంది. నెట్ డేటా మధ్యాహ్నానికే అయిపోతోంది. దాన్ని ఆపేశాను. అప్‌డేట్ రాగానే మళ్లీ మొదలైంది. కంపెనీని అడిగితే ‘షరతులకు మీరే అంగీకరించారు’ అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను మొదలుకావడాన్ని నిషేధించే చట్టం మాత్రం మనకు లేదు. అన్నిటినీ నిషేధించాలని నేనూ కోరను. వైరస్‌ను పట్టుకునేవి, భద్రతా అప్‌డేట్లు మనం అడగకుండానే నడవాలి, వాటిని ఆపకండి. ప్రింటరు సాఫ్ట్‌వేర్‌కు ఆ అవసరం లేదు. కాగితం పెట్టి ప్రింటు ఇచ్చినప్పుడు పని చేస్తే చాలు. మిగతా వేళల్లో నడవాలంటే యజమానిని అడిగి తీరాలి.

మీ కేసుకు ప్రాణం ‘ఆపేశాను, మళ్లీ మొదలైంది’ అన్న మాటలోనే ఉంది. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించినా, అందులోని డేటా తీసుకున్నా నష్టపరిహారం చెల్లించాలి. మొదట మీరు నొక్కిన ‘అంగీకరిస్తున్నాను’ను కంపెనీ అనుమతిగా చూపిస్తుంది. ఆ తరువాత మీరే ఆపేశారు కాబట్టి ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నట్లేనని మనం వాదించవచ్చు. 66వ సెక్షన్ కింద నేరం కావాలంటే మోసపూరిత ఉద్దేశం రుజువు కావాలి. అందుకే ముందుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లమని చెప్పను.

మౌనం అంగీకారం కాదని 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. కంపెనీయే ముందుగా టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందికి రాదని చెప్పింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. కానీ మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 6వ సెక్షన్ కూడా స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చిన సమ్మతినే అడుగుతోంది. ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలంటోంది. 2025 నవంబరులో నియమాలు వచ్చినా, ఈ బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అందువల్ల ఈ రోజు దీనిపైనే ఆధారపడలేం.

మీకు దగ్గరి దారి వినియోగదారుల కమిషన్. ‘షాపు కోసం కొన్నారు, కనుక మీరు వినియోగదారు కారు’ అని కంపెనీ అడ్డుపడవచ్చు. భయపడకండి. స్వయం ఉపాధితో జీవనం కోసమే వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే వివరణ ఇచ్చింది. వినియోగదారు ఎంపికను దెబ్బతీసే పద్ధతులపై 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాలనూ మీ ఫిర్యాదులో ప్రస్తావించండి.

మరో విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మీ దగ్గర రోజూ ఎందరో ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు స్కాన్ చేయించుకుంటారు. అవి మీ కంప్యూటర్ దాటి పోతున్నాయా? ఏ డేటా ఎక్కడికి పంపుతున్నారో కంపెనీని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా ఆ ప్రింటరుతో స్కాన్ చేయకండి.

ఆపిన రోజు, మళ్లీ మొదలైన రోజు కనిపించేలా తెర ఫొటోలు, డేటా వాడకం వివరాలు, కొన్న బిల్లు భద్రపరచండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పరిష్కారం దొరకకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లండి. ప్రింటరు ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి.