ఆ గాజు మార్చకు

చిరంజీవి చిన్నికి, బాబాయి ఆశీస్సులు.

శిల్పి ఇసాము నొగుచి గీసిన గాజు కాఫీ టేబుల్, అదీ పాతకాలంది, కొంటున్నావని అన్నయ్య చెప్పాడు. ఎంత మురిసిపోయానో తల్లీ. అంతలోనే మీ బుజ్జిగాడు గుర్తొచ్చాడు. ఇక నిద్ర పడితే ఒట్టు.

ఎప్పటిదో తెలియాలంటే టేపు పెట్టి గాజు మందం కొలువు. 1965కి ముందరి గాజు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, తర్వాతది ముప్పావు అంగుళం. కాళ్ళు చెర్రీ చెక్కవని అమ్మేవాళ్ళు అంటే తొందరపడకు, దాన్ని మొదటి ఏడాది, 1947లోనే వాడారు. రసీదు అడుగు.

1982లో న్యూజెర్సీలో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళ దగ్గర నేనూ ఒకటి కొన్నాను. వాల్‌నట్ కాళ్ళు రెండూ ఒకే అచ్చు. ఒకదాన్ని తిరగేసి రెండోదానికి ఒక్క కడ్డీతో కలుపుతారు. పైన గాజుకి స్క్రూ లేదు, జిగురు లేదు. మూడు చోట్ల ఆనుకుని తన బరువుతోనే నిలుస్తుంది. నొగుచి రాళ్ళు చెక్కిన శిల్పి, బరువు సంగతి ఆయనకు తెలుసు. నాకు తెలియలేదు. అంచున చింతగింజంత పెచ్చు లేచిందని గాజు కోసే కొట్టుకి మోసుకెళ్ళాను. ‘ఇంత మందం దేనికి, సగం మందంలో కొత్తది కోసిస్తా’ అన్నాడు. సరేనని పాతది అక్కడే వదిలేసి వచ్చాను.

నెల తిరక్కుండానే, అప్పుడప్పుడే నడుస్తున్న మీ తమ్ముడు అంచు మీద రెండు చేతులూ వేసి ఒళ్ళు వాల్చాడు. గాజు జారింది. మీ పిన్ని చొక్కా పట్టి వెనక్కి లాగింది. వాడి బొటనవేలికి బెత్తెడు దూరంలో పడి ముక్కలైంది. మర్నాడు కొట్టుకి పరిగెత్తితే, పాతదాన్ని అల్మరా అరలకు కోసేశామన్నారు. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. వారం రోజులు వాణ్ణి చంక దించలేదు.

అందుకే చెబుతున్నా, పెచ్చులున్నా గీతలున్నా ఆ గాజు మార్చావంటే నీతో మాట్లాడను. చెక్కకి గరుకు కాగితం తగలనిచ్చినా అంతే.

అసలా బల్ల పంతం మీద పుట్టింది. నొగుచి 1942లో ఆరిజోనాలో జపాన్ సంతతివాళ్ళ నిర్బంధ శిబిరంలో ఉండగా, ఆయన ఇచ్చిన నమూనాని కాస్త మార్చి ఇంకొకరు ప్రకటన వేసుకున్నారు. నిలదీస్తే, మూడు కాళ్ళ బల్ల ఎవరైనా చేస్తారన్నారట. దాంతో తన బల్ల తానే మళ్ళీ గీశాడు, హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీ వాళ్ళు తయారుచేశారు. నువ్వూ చిన్నప్పటి నుంచి అంతే, పట్టిన పట్టు విడవవు.

గాజుని పడుకోబెట్టి మోయకూడదు, నిలువుగానే పట్టుకోవాలి. ఇద్దరు కావాలి, అల్లుడొక్కడి వల్ల కాదు. శనివారం పొద్దున్నే వస్తున్నా, నాలుగు పాత దుప్పట్లు, తోలు తొడుగులు తెస్తాను. నేనొచ్చేదాకా దాన్ని ఎవర్నీ ఎత్తనివ్వకు. బుజ్జిగాణ్ణి ఆ పూట వదినగారింట్లో ఉంచు.

మీ బాబాయి