స్విఫ్ట్‌కి పెద్ద చక్రాలు వేయించే ముందు బ్రేక్ ఆయిల్ ఏ రంగులో ఉందో చూడండి

మీరు అడిగింది ఇది: "నాది 2013 స్విఫ్ట్ వీఎక్స్ఐ, ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేదు. 16 లేదా 17 ఇంచుల అలాయ్ వీల్స్ వేయించి, బ్రేకులు కూడా అప్‌గ్రేడ్ చేయించాలనుకుంటున్నాను. చేయించొచ్చా? ఎంతవుతుంది?"

సూటిగా చెప్తాను. 15 ఇంచులు వేయించుకోండి, హాయిగా ఉంటుంది. 16 పడుతుంది కానీ మన గోతులకి నిలవదు. 17 జోలికి అసలు పోవద్దు. ఇక బ్రేకులంటారా, చక్రాల మీద రూపాయి పెట్టకముందే వాటి పని చూడండి. నాదీ అదే కారు, అదే వేరియంట్. కొన్నప్పటి నుంచీ నా చేతిలోనే ఉంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు మా బామ్మర్ది కారు సంగతి చెప్పాలి. వాడిదీ స్విఫ్టే. దానికి 205/50 ఆర్17 టైర్లతో (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ 17 ఇంచులు) నల్లటి అలాయ్స్ వేయించాడు. డబ్బు బాగానే వదిలింది. కాలిపర్లకి, అంటే ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కి పట్టే భాగాలకి, ఎర్ర రంగు కూడా కొట్టించాడు. అలాయ్స్ సందుల్లోంచి ఆ ఎరుపు కనబడుతుంటే వీధిలో పిల్లలంతా కారు చుట్టూ చేరేవాళ్లు. బండి అందంగా ఉండేది, కాదనను. కానీ ఆ ఎర్ర రంగు వెనకాల ఉన్నవి అరిగిపోయిన ప్యాడ్లు. బ్రేక్ ఆయిల్ కొన్నప్పటి నుంచి మార్చనే లేదు. చక్రాలు వేసిన షాపు వాడు వాటి ఊసే ఎత్తలేదు. నాలుగు చక్రాలూ విప్పి ప్యాడ్లని కళ్లారా చూసినవాడు, ఒక్క మాట చెప్తే ఏం పోయింది? నాకు ఇప్పటికీ దాని మీదే కోపం.

డిసెంబర్ చలిలో అందరం కలిసి ఆ కార్లో అరకు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో గాలికొండ దాటి అనంతగిరి వైపు దిగుతున్నాం. వాడు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో. వెనక మా ఆవిడ, అత్తయ్య, మా అమ్మాయి. డిక్కీ నిండా సామాను. వాడికో అలవాటుంది. దిగుడు రాగానే పెట్రోల్ ఆదా అని గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేస్తాడు. ఈ అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెప్తున్నాను. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే పెట్రోల్ పోయడం ఆగిపోతుంది, ఇంజన్‌ని చక్రాలే తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ పోస్తూనే ఉండాలి. ఆదా లేదు సరికదా, బండిని పట్టి ఉంచాల్సిన ఇంజన్ తప్పుకోవడంతో భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అప్పటికే రెండుసార్లు చెప్పాను, వినలేదు.

ముందు వాసన వచ్చింది. మాడిన క్లచ్ వాసన లాంటిదే, ఇంకాస్త ఘాటు. ముందు ఏదో లారీ పోతోందనుకుని అత్తయ్య అద్దం ఎక్కించమంది. ముందు లారీ లేదు. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి వాడి మొహం మారిపోయింది. "బావా, పెడల్ కిందకి పోతోంది" అన్నాడు, వెనక వాళ్లకి వినబడకుండా. చూస్తే వాడి కాలు దాదాపు నేలకి ఆనింది. "మూడు వెయ్యి, వెంటనే రెండు వెయ్యి, ఇంజన్ మాత్రం ఆపకు" అన్నాను. ఇంజన్ ఆపితే పెడల్‌కి బలమిచ్చే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ అందదు, స్టీరింగ్ కూడా బిగుసుకుంటుంది. రెండో గేరు పడగానే ఇంజన్ గట్టిగా అరిచింది, అందరం ముందుకి తూలాం, బండి నెమ్మదించింది. పెడల్‌ని వదిలి తొక్కుతూ, మళ్లీ వదిలి తొక్కుతూ ఉండమన్నాను. ఈలోపు నేను హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగుతూ వచ్చాను. దాన్ని ఒక్కసారిగా లాగకూడదు, వెనక చక్రాలు లాక్ అయి బండి అడ్డం తిరిగిపోతుంది. బొంగు చికెన్ అమ్మే పాకల దగ్గర రోడ్డు పక్కన చదునుగా ఉంటే అక్కడికి చేర్చి ఆపగలిగాం. అత్తయ్యకి అప్పటికి గానీ విషయం తెలియలేదు. తెలిశాక కొడుకుని ఏమీ అనలేదు, మా అమ్మాయిని ఒళ్లోకి లాక్కుని కూర్చుంది.

దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర సన్నగా పొగ. ఆ ఎర్ర రంగు బుడగలు కట్టి గోధుమ రంగులోకి తిరిగింది. పాకలో కుర్రాడు పాపం బకెట్‌తో నీళ్లు తెచ్చి చక్రం మీద పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అంత వేడి మీదున్న డిస్క్ మీద చన్నీళ్లు పడితే అది వంకరపోతుంది, పగిలినా పగలొచ్చు. దానంతట అది చల్లారేదాకా కూర్చున్నాం. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది. లీకేజీ అయితే అలా గట్టిపడదు. ఆయిల్ మరిగిందని అక్కడే తేలిపోయింది. మిగతా ఘాట్ అంతా ఒకటి, రెండు గేర్లలో ఎస్.కోట దాకా దిగాం.

మర్నాడు మెకానిక్ బ్లీడింగ్ నిపుల్ విప్పితే వచ్చిన ఆయిల్ టీ డికాషన్‌లా ఉంది. ప్యాడ్ మీద మెటీరియల్ రెండు మిల్లీమీటర్లు కూడా లేదు.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. అందరూ మర్చిపోయేది ఇదే. డాట్ 3 గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తలో 230, తేమ పట్టాక 155. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. మీరు తొక్కిన బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, ప్యాడ్ దాకా చేరదు. మన కోస్తా గాల్లో ఉండే తేమకి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాల్సిందే. సర్వీస్ సెంటర్లో "టాప్ అప్ చేశాం సార్" అంటారు. టాప్ అప్ వేరు, మొత్తం మార్చడం వేరు. దగ్గరుండి మార్పించుకోండి.

మరి పెద్ద చక్రాల తప్పేం లేదా అంటే, ఉంది. మీ బండికి కంపెనీ ఇచ్చిన టైరు 165/80 ఆర్14. లెక్క వేస్తే దాని మొత్తం ఎత్తు 620 మిల్లీమీటర్లు. మా బామ్మర్ది వేసిన 205/50 ఆర్17 దాదాపు 637. చక్రం పెద్దదైన కొద్దీ అదే డిస్క్, అదే ప్యాడ్ నేల మీద చూపించే ఆపే బలం తగ్గుతుంది. పైగా బరువు. తిరిగే బరువు, అదీ అంచున ఉండే బరువు. వేగం అందుకోవడానికీ, ఆపడానికీ రెండింటికీ అది అడ్డమే. మీటర్ కూడా తప్పు చూపిస్తుంది, నిజంగా వందలో పోతుంటే మునుపటి కన్నా రెండు మూడు కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇవన్నీ ఒప్పుకుని చక్రాలు పెంచేవాడు, ముందు బ్రేకులు బాగు చేయించకుండా ఎలా పెంచుతాడు?

అందుకే నేను 15 అంటున్నాను. అదే మోడల్‌లో పై వేరియంట్ జెడ్ఎక్స్ఐకి కంపెనీయే 185/65 ఆర్15 ఇచ్చింది. దాని ఎత్తు 621 చిల్లర, పాతదానికీ దీనికీ తేడా రెండు మిల్లీమీటర్లే. మీటర్ మారదు, ఫెండర్‌కి రాసుకోదు, 14 ఇంచుల స్టెప్నీ ఉన్నా ఎత్తు కలుస్తుంది. నేల మీద పట్టు మాత్రం స్పష్టంగా పెరుగుతుంది. నేను జెడ్ఎక్స్ఐ నుంచి తీసిన కంపెనీ అలాయ్స్ సెకండ్ హ్యాండ్‌లో కొని, వాటికి కొత్త టైర్లు వేయించాను. వానలో విశాఖ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎవరైనా అడ్డం వస్తే ఇదివరకు బండి జారేది, ఇప్పుడు అక్కడే ఆగుతుంది. 195/55 ఆర్16 కూడా ఎత్తులో సరిపోతుంది, 621కి దగ్గరే. కానీ టైరు పక్కగోడ చూడండి. మీ పాత టైరుకి 132 మిల్లీమీటర్లు, 15కి 120, ఈ 16కి 107. గోతిలో పడ్డప్పుడు దెబ్బ కాసేది ఆ పక్కగోడే. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, తవ్వి పూడ్చకుండా వదిలేసిన పైప్‌లైన్ గుంటలు ఉన్న ఊళ్లలో ఆ 25 మిల్లీమీటర్లే మీ రిమ్‌ని కాపాడతాయి. వంగిన అలాయ్‌ని వేడి చేసి సరిచేస్తామంటారు, అలాంటి చక్రాన్ని మాత్రం హైవే మీద నమ్మకండి.

బయటి అలాయ్స్ కొంటే బోల్టుల కొలత 4x100 అయితే చాలనుకోవద్దు. మధ్య రంధ్రం స్విఫ్ట్‌కి 54.1 మిల్లీమీటర్లు. బయటివి చాలావరకు ఇంకా పెద్ద రంధ్రంతో వస్తాయి. రింగులు వేసి సరిచేయకపోతే ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. అప్పుడు అలైన్‌మెంట్ అని ఒకసారి, బ్యాలెన్సింగ్ అని ఇంకోసారి తిప్పుతారు. చక్రం బయటికి కనబడాలని దాని వెనక స్పేసర్లు (మందపాటి బిళ్లలు) పెట్టించుకునేవాళ్లని చూస్తే ఇంకా బాధేస్తుంది. బేరింగులు పోతాయి, పక్కన బైక్ మీద వెళ్లేవాడి మీద బురదంతా పడుతుంది. ఇక నైట్రోజన్ గాలి పేరుతో టైరుకింత అని వసూలు చేయడం ఇంకో దందా. మామూలు గాల్లోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పదిహేను రోజులకోసారి గాలి చూసుకునే అలవాటుంటే అదే చాలు.

బ్రేకుల అప్‌గ్రేడ్ అంటే మీ మనసులో పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు ఉన్నట్టున్నాయి. అది మీ బండికి అక్కర్లేదు. గట్టిగా తొక్కితే ఇప్పుడున్న బ్రేకులే చక్రాన్ని లాక్ చేయగలవు. చక్రం లాక్ అయ్యాక బండిని ఆపేది టైరు పట్టు, డిస్క్ సైజు కాదు. పెద్ద డిస్క్ ఉపయోగమల్లా వేడిని తట్టుకోవడంలో, అదీ ట్రాక్ మీద తిప్పేవాళ్లకి. మీ వెనక డ్రమ్ములు అలాగే ఉంచి ముందు మాత్రం పెద్దవి వేస్తే ముందు, వెనక బ్రేకుల పొత్తు చెడుతుంది. ఏబీఎస్ లేదు కాబట్టి వానలో ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచి పెద్ద పిస్టన్లు వేస్తే పెడల్ కూడా లోపలికి పోతుంది. వెనక డిస్కులు వేయిస్తామనే వాళ్లూ ఉన్నారు. హ్యాండ్ బ్రేక్ ఎలా కలుపుతారో అడిగి చూడండి.

చేయించాల్సినవి ఇవి: ముందు కంపెనీ ప్యాడ్లు, డిస్క్ మందం తక్కువుంటే డిస్కులు కూడా, వెనక డ్రమ్ములు విప్పించి దుమ్ము తీయించి షూలు సర్దించడం, కాలిపర్ పిన్నులకి గ్రీజు, డాట్ 4 ఆయిల్. డిస్కులు మార్చాల్సిన పని లేకపోతే మొత్తం నాలుగైదు వేలలో తేలుతుంది. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి ఇరవై దాకా మెల్లగా కొన్నిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకుండా. ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి కుదురుకుంటాయి. ఈ పని ఏ షాపు వాడూ చెప్పడు. మిగిలిన డబ్బు టైర్లకి పెట్టండి. కొనేటప్పుడు టైరు పక్కగోడ మీద తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైంది. రెండేళ్లు గోడౌన్‌లో ఉన్నదాన్ని కొత్త ధరకి అంటగడతారు.

ఇంకో మాట. ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి అయింది. దానికి ముందు చాలా కంపెనీలు పై వేరియంట్ కొంటేనే ఇచ్చేవి, మ్యూజిక్ సిస్టమ్‌తో, అలాయ్స్‌తో కలిపి. ప్రాణం కాపాడే వస్తువుని అలంకారాలతో కలిపి అమ్మారు. కింద వేరియంట్ కొన్నవాడి ముందు మాత్రం లారీ సడెన్ బ్రేక్ వేయదా? మన జనం బ్రేకుల్ని కూడా అందం కోసమే చూడటం ఆ అమ్మకాల దగ్గరే మొదలైందని నా నమ్మకం.

చట్టం సంగతీ అడగబోతారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద తీర్పు ఇస్తూ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మార్చకూడదని చెప్పింది. అదే చట్టంలో 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా ఉంది, జైలుకి కూడా వీలుంది. అదే మోడల్‌కి కంపెనీయే ఇచ్చిన 15 ఇంచుల సైజుతో నన్ను ఇంతవరకూ ఎవరూ ఆపలేదు. 17తో బయటికి పొడుచుకొచ్చిన చక్రాలుంటే యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక సాకు దొరుకుతుంది.

మా బామ్మర్ది ఆ 17లు తర్వాత అమ్మేశాడు. మీ ప్యాడ్లు ఎప్పుడు మార్చారో, ఆయిల్ ఎప్పుడు మార్చారో కామెంట్లో రాయండి. విశాఖ చుట్టుపక్కల అయితే మా మెకానిక్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను, డ్రమ్ములు విప్పేటప్పుడు పక్కనే ఉంటాను.