బోటర్ టోపీ కొనబోయే మేనల్లుడికి

చి. మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. పాత ఫొటోల్లో కనిపించే ఆ బల్లపరుపు గడ్డి టోపీ, అదే బోటర్, కొనాలనుందని, పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. నవ్వుతారు అల్లుడూ, నన్ను చూసి కూడా నవ్వారు. తలకి సరిపోని టోపీ పెట్టుకుని వెళ్ళాను మరి. అందుకే ముందు కొలత సంగతి చెబుతాను, రంగులూ రిబ్బన్లూ తర్వాత.

టైలర్ టేపు తీసుకుని కనుబొమ్మలకి రెండు వేళ్ళు పైగా, చెవుల మీదుగా, తల వెనక ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా చుట్టు. బిగించకు. మూడుసార్లు కొలువు, రెండుసార్లు వచ్చిన అంకె నమ్ము. 57 సెంటీమీటర్లు వచ్చిందనుకో, అది బ్రిటిష్ లెక్కలో 7, అమెరికన్ లెక్కలో 7 1/8. ఇది తెలియక నేను అమెరికన్ 7 తెప్పించుకున్నాను. అది 56. ఒక్క సెంటీమీటరే కదా అనుకున్నాను. గంట తిరిగేసరికి నుదుటి మీద ఎర్రటి గీత, తలనొప్పి.

ఉన్నో బొచ్చో అదిమి చేసే మెత్తటి ఫెల్ట్ టోపీ అయితే నాలుగు రోజులు పెట్టుకుంటే మన తలకి సర్దుకుంటుంది. బోటర్ ఆ మాట వినదు. గడ్డిని సన్నటి జడల్లా అల్లి, ఆ జడని చుట్లు చుట్లుగా కుట్టి, పైన లక్క పూసి చెక్కలా గట్టిపరుస్తారు. అందుకే చుట్టుకొలత ఒక్కటీ సరిపోతే చాలదు, ఆకారం కూడా కుదరాలి. ముందూ వెనకా నొక్కుతూ, చెవుల పైన వేలు దూరే సందు ఉంటే నీది కోలగా ఉండే తల అన్నమాట. ఈ బాధ కొత్తదేం కాదు. తల ఆకారాన్ని కాగితం మీద చిల్లులతో దించే కన్ఫార్మేటర్ అనే యంత్రాన్ని పారిస్‌లో 19వ శతాబ్దంలోనే తయారుచేశారు. ఇప్పటికీ కొందరు పాతకాలపు టోపీ పనివాళ్ళు దాన్ని వాడుతున్నారు. అలాంటివాళ్ళు దొరికితే అదృష్టం, టోపీని కాస్త వేడిచేసి లక్క మెత్తబడగానే వంపు సరిచేసి ఇస్తారు. ఆ పని నువ్వు ఇంట్లో మాత్రం చెయ్యకు. రెండు సైజుల మధ్య ఊగిసలాడితే పెద్దదే తీసుకో. లోపలి తోలు పట్టీ వెనక సన్నటి ఫోమ్ ముక్క దూర్చితే వదులు పోతుంది. బిగుతుగా ఉన్నదాన్ని లాగావంటే గడ్డి పగులుతుంది.

ఇక కొనడం. పార్టీ వేషాల సామాన్లలో దొరికే బోటర్ల జోలికి పోకు. ప్లాస్టిక్ మెరుపు, జిగురుతో అంటించిన రిబ్బన్ చూడగానే తెలిసిపోతాయి. అసలుదాన్ని గోటితో కొట్టు, టక్కున గట్టి చప్పుడు వస్తుంది. కొత్తది కావాలంటే ఇంగ్లండ్‌లోని లూటన్ పేరు వెతుకు. ఒకప్పుడు అది టోపీల ఊరే, అక్కడి ఫుట్‌బాల్ టీమ్‌ని నేటికీ ‘హ్యాటర్స్’ అంటారు. ఇటలీలో ఫ్లోరెన్స్ దగ్గరి సిన్యా కూడా గడ్డి టోపీలకి పేరున్న ఊరు. పాతవాటి అల్లిక దిట్టంగా ఉంటుంది, కాదనను. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ లక్క ఎండి పెళుసుబారుతుంది. పైగా చిన్న సైజులే ఎక్కువ దొరుకుతాయి. అమ్మేవాణ్ణి రెండు చోట్ల దగ్గరి ఫొటోలు అడుగు: అంచూ పైభాగమూ కలిసే మూల, వేళ్ళతో పట్టి తీసే పైభాగం ముందువైపు. పగుళ్ళుంటే అక్కడే ఉంటాయి. అందుకే టోపీని ఎప్పుడూ అంచు పట్టుకునే తియ్యి.

పెట్టుకునేటప్పుడు అంచు నేలకి సమంగా ఉండాలి, నుదురు సగం కనబడాలి. చిన్నపిల్లాడిలా వెనక్కి తోసుకోకు. రిబ్బన్ ముడి ఎడమవైపు రావాలి. మొదటి టోపీకి నల్లదో నేవీబ్లూదో సాదా రిబ్బన్ చాలు. చారల రిబ్బన్ల గొడవ వేరు. ఇంగ్లండ్‌లో ఆ రంగులు ఫలానా స్కూలువో, పడవల క్లబ్బువో అయ్యుంటాయి. అక్కడ ఎవరైనా ‘మీరు ఏ బ్యాచ్?’ అంటే ఏం చెబుతావు?

బట్టల దగ్గర చాలామంది బోల్తా పడతారు. చారల కోటు, బో టై, తెల్ల ప్యాంటు, దానిమీద బోటర్. ఇంగ్లండ్‌లోని హెన్లీ పడవ పందేల్లో అది అందం, ఇంకెక్కడైనా నాటకం వేషం. ఒంటిమీద టోపీ ఒక్కటే పాతకాలంది ఉండనీ, మిగతావన్నీ నువ్వు రోజూ వేసుకునేవే వేసుకో. సాదా నార చొక్కా ఉంటే మరీ మంచిది.

ఎండాకాలం దాటితే పెట్టుకోకూడదా అని అడిగావు. పెట్టుకో, ఎవరూ లాక్కోరు. పూర్వం న్యూయార్క్‌లో నిజంగానే లాక్కునేవారు. అక్కడ సెప్టెంబర్ 15 గడ్డి టోపీలకి గడువు. 1922లో కుర్రాళ్ళు రెండు రోజుల ముందే మొదలెట్టి కనబడ్డవాళ్ళ టోపీలల్లా పీకి తొక్కేశారు. కొట్లాటలు రోజుల తరబడి సాగి అరెస్టుల దాకా వెళ్ళాయి.

గాలికి మాత్రం భయపడు. ఆ బల్లపరుపు అంచు గాలిపటంలా లేస్తుంది. పాతరోజుల్లో టోపీ నుంచి కోటు బొత్తానికి సన్నటి తాడు కట్టుకునేవారు. అలాంటిది కుట్టించుకో, సిగ్గుపడకు. వాన చినుకు పడితే టోపీ తీసి చొక్కా కిందైనా దాచు.

మూసిన కారులో ఎండకి వదిలెయ్యకు. నేను వెనక అద్దం దగ్గర పెట్టి మధ్యాహ్నం మర్చిపోయాను. వచ్చి చూస్తే ఒకవైపు అంచు అలలా లేచింది, మళ్ళీ దిగలేదు. దాన్నింకా పారెయ్యలేదు, సైజు 58. నీ కొలత పంపించు. దగ్గరగా ఉంటే అదే పంపిస్తాను, కొత్తది వచ్చేదాకా అద్దం ముందు అలవాటు చేసుకో.

ఇట్లు
మామయ్య